అటకెక్కిన వంశచరిత్రను వెతికి పట్టుకోవడం, పదిమందికీ అందించడం ఎలా?

ఉద్యోగం నుంచి రిటైరైన ఓ పెద్దాయన పదేళ్లపాటు చుట్టాలందరికీ ఉత్తరాలు రాస్తాడు. వచ్చిన జవాబుల్లోంచి పేర్లూ తేదీలూ ఏరి, సొంత డబ్బు పెట్టి ఓ వందో రెండొందలో ప్రతులు అచ్చు వేయిస్తాడు. తలా ఒకటి పంచుతాడు. మిగిలినవి అట్టపెట్టెలో ఉండిపోతాయి. ఏ దేశంలో చూసినా వంశచరిత్ర పుస్తకాల కథ కాస్త అటూ ఇటూగా ఇదే. అమ్మకానికి వేసినవి కావు కాబట్టి షాపుల్లో దొరకవు, ప్రకటనల్లో కనబడవు, చాలావాటికి ఐఎస్‌బీఎన్ అనే గుర్తింపు నంబరే ఉండదు. మామూలు పుస్తకాన్ని వెతికినట్టు వెతికితే చేతికి చిక్కవు. 'ఎక్కడ అమ్ముతారు' అనే ప్రశ్న పక్కన పెట్టి, 'అచ్చయిన ఆ వంద ప్రతులూ ఎవరెవరి చేతికి వెళ్లి ఉంటాయి' అని ఆరా తీయండి. కింద చెప్పబోయేదంతా ఆ ఆరా ఎలా తీయాలన్నదే. పుస్తకం దొరికాక ఏం చేయాలన్నది దాని తర్వాత.

ముందు ఒక కాగితం తీసుకోండి

కంప్యూటర్ తెరవకముందే ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: ఇంటిపేరు, దాన్ని ఎన్ని రకాల స్పెల్లింగులతో రాస్తారో అన్నీ, కుటుంబం ఉన్న ఊళ్లు, పుస్తకం అచ్చయి ఉండగల కాలం, తెలిస్తే రచయిత పేరు. వీటితోపాటు పెళ్లిళ్ల ద్వారా కలిసిన ఇంటిపేర్లు కూడా రాయండి. చాలామంది వదిలేసేది ఇదే. మీ ఇంటిపేరుతో పుస్తకమే లేకపోవచ్చు కానీ, మీ ముత్తాత అక్కను ఇచ్చిన ఇంటివాళ్లు వేసుకున్న పుస్తకంలో మీ వాళ్ల గురించి పన్నెండు పేజీలు ఉండొచ్చు.

ఆడపిల్లల శాఖల సంగతి ఎత్తాను కాబట్టి ఒక మాట. కొరియాలో వంశావళి పుస్తకాలను జొక్‌బో అంటారు. ఇప్పటికి మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది ఆన్‌దొంగ్ క్వన్ వంశంవారు 1476లో అచ్చు వేయించింది. అందులో కొడుకులనూ కూతుళ్లనూ పుట్టిన వరసలోనే రాశారు, కూతుళ్ల పిల్లలనూ వదల్లేదు. తర్వాతి శతాబ్దాల్లో వచ్చిన జొక్‌బోల్లో కొడుకుల పేర్లు ముందుకొచ్చాయి, కూతుళ్ల శాఖలు కుదించుకుపోయాయి. కొత్త పుస్తకంలో కనబడని ముత్తవ్వ పాత పుస్తకంలో దొరికే అవకాశం ఉందన్నమాట. ఒకే వంశానికి రెండు మూడు కాలాల్లో వేసిన పుస్తకాలుంటే అన్నిటినీ చూడండి. కొత్తది వచ్చింది కదా అని పాతదాన్ని వదిలేయకండి.

కేటలాగుల్లో వెతకడం

వరల్డ్‌క్యాట్‌తో మొదలుపెట్టండి. ప్రపంచంలోని వేల గ్రంథాలయాల కేటలాగులు ఒక్కచోట కలిసే జాబితా అది, 1971 నుంచి నడుస్తోంది. పుస్తకం ఉందా లేదా అన్నదే కాక, ఏ ఏ గ్రంథాలయాల్లో ప్రతి ఉందో కూడా చూపిస్తుంది. అయితే ఒకే పుస్తకానికి మూడు నాలుగు ఎంట్రీలు ఉండటం మామూలే. ఒక లైబ్రరీ పూర్తి పేరు రాస్తుంది, మరొకటి ఉపశీర్షిక వదిలేస్తుంది, ఇంకొకటి మైక్రోఫిల్మును (పేజీలను చిన్నచిన్న ఫొటోలుగా దాచిన ఫిల్ము చుట్టను) వేరే పుస్తకంలా లెక్కేస్తుంది. మొదటి ఎంట్రీ దగ్గరే 'ఒక్క ప్రతే ఉంది' అని నిరాశపడకుండా అన్నీ తెరిచి చూడండి.

పుస్తకం పేరుతోనే కాదు, విషయం పేరుతోనూ వెతకండి. ఇంగ్లీషు కేటలాగుల్లో వంశచరిత్రలన్నీ 'ఫలానా ఇంటిపేరు, ఫ్యామిలీ' అనే శీర్షిక కింద చేరతాయి. పుస్తకం పేరు 'మా తాతగారి జ్ఞాపకాలు' లాంటిదే అయినా ఈ దారిలో బయటపడుతుంది. ఇంగ్లీషు పుస్తకాల పేర్లలో జీనియాలజీ, డిసెండెంట్స్, యాన్సెస్ట్రీ, మెమోరియల్, అలైడ్ ఫ్యామిలీస్ లాంటి మాటలు తరచుగా వస్తుంటాయి. చైనా పుస్తకాలకైతే జియాపు, జోంగ్‌పు అనే మాటలతో వెతకాలి. వాటి పెద్ద నిల్వల్లో ఒకటి షాంఘై గ్రంథాలయంలో ఉంది.

గ్రంథాలయానికే వెళ్లే వీలుంటే, పుస్తకాలను విషయం వారీగా సర్దే డ్యూయీ పద్ధతిలో 929.2 నంబరు ఉన్న అల్మరా ముందు నిలబడండి. కుటుంబ చరిత్రల చోటు అదే. కేటలాగులో తప్పుగా ఎక్కిన పుస్తకం కూడా అల్మరాలో పక్కవాటితోపాటు కనబడుతుంది.

వరల్డ్‌క్యాట్ అయ్యాక, వంశచరిత్రల కోసమే పేరుబడ్డ గ్రంథాలయాల సొంత కేటలాగులు విడివిడిగా చూడాలి. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీలోని ఫ్యామిలీసెర్చ్ గ్రంథాలయం, ఫోర్ట్ వేన్‌లోని అలెన్ కౌంటీ పబ్లిక్ లైబ్రరీ, బోస్టన్‌లో 1845 నుంచి ఉన్న న్యూ ఇంగ్లాండ్ హిస్టారిక్ జీనియలాజికల్ సొసైటీ, వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వీటిలో ముఖ్యమైనవి. ఫ్యామిలీసెర్చ్ మూలసంస్థ 1894లో మొదలైంది, 1938 నుంచి దేశదేశాల రికార్డులను మైక్రోఫిల్ము తీసింది. అలా పోగైన 24 లక్షల రీళ్లను డిజిటల్ చేసే పని 2021లో ముగిసింది. దాని డిజిటల్ లైబ్రరీలో పుస్తకాలు కూడా లక్షల్లో ఉన్నాయి. ఖాతా ఉచితం. కాకపోతే కాపీరైటు వల్ల కొన్నిటిని వాళ్ల కేంద్రాలకు వెళ్లి మాత్రమే చూడగలం, ఇంటి నుంచి తెరిస్తే తాళం గుర్తు కనబడుతుంది. అలెన్ కౌంటీ లైబ్రరీవాళ్లు వంశచరిత్ర పత్రికల్లోని వ్యాసాలకు పెర్సీ అనే సూచిక నడుపుతారు. పుస్తకం అచ్చయ్యాక రచయితకు అందిన సవరణలు తరచు పత్రికల్లోనే వస్తాయి, కాబట్టి అందులోనూ ఇంటిపేరు కొట్టి చూడండి.

పుస్తకం లోపల వెతకడం

పేరు తెలియని పుస్తకాన్ని పట్టుకోవడానికి నాకు తెలిసిన మంచి దారి ఇది. ఇంటర్నెట్ ఆర్కైవ్, గూగుల్ బుక్స్, హాతీట్రస్ట్ అనే మూడు డిజిటల్ గ్రంథాలయాల్లోనూ పుస్తకాల లోపలి అక్షరాలను వెతకొచ్చు. అక్కడ ఇంటిపేరు కొడితే లక్ష ఫలితాలు వచ్చి మీద పడతాయి. మీ వంశంలో ఎవరికో ఉన్న వింత పేరు ఒకటి, దాంతోపాటు ఊరి పేరు కొట్టండి. అందరికీ ఉండే పేరు పనికిరాదు, పదిమంది నవ్వుకునే పేరు కావాలి.

హాతీట్రస్ట్‌లో ఇంకో సౌకర్యం ఉంది. కాపీరైటు ఉన్న పుస్తకాన్ని అది తెరిచి చూపించదు కానీ, మీరు వెతికిన మాట ఏ పేజీలో ఎన్నిసార్లు వచ్చిందో చెబుతుంది. '214వ పేజీలో మూడుసార్లు' అని తెలిశాక ఆ ఒక్క పేజీ కోసం లైబ్రరీకి రాయడం ఎంత తేలికో ఊహించండి.

ఫలితాలు రాకపోతే అక్షరాలను అనుమానించండి. యంత్రం పాత అచ్చును చదివేటప్పుడు ఆర్, ఎన్ అనే ఇంగ్లీషు అక్షరాలు పక్కపక్కన ఉంటే ఎమ్ అనుకుంటుంది. పద్దెనిమిదో శతాబ్దపు పుస్తకాల్లో, అప్పట్లో వాడిన పొడవాటి ఎస్ అక్షరాన్ని ఎఫ్ అనుకుంటుంది. పేరును అలా తప్పుగా రాసి మళ్లీ వెతకండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు, యంత్రం ఏ తప్పు చేసిందో మనమూ అదే చేయాలి.

మనుషులను అడగడం

తెర మీద దొరకనప్పుడు గ్రంథాలయానికి ఈమెయిల్ రాయండి. 'మా వంశం గురించి మీ దగ్గర ఏమున్నా పంపండి' అని రాస్తే జవాబు రాదు, వచ్చినా ఉపయోగపడదు. అడిగేది చిన్నదిగా, తేల్చి చెప్పగలిగేదిగా ఉండాలి. నేను ఇలా రాస్తాను:

'అయ్యా, మీ కేటలాగులో ఈ నంబరుతో ఉన్న పుస్తకానికి సంబంధించి మూడు సహాయాలు కావాలి. టైటిల్ పేజీ, దాని వెనక పేజీ ఫొటోలు. సూచికలో ఈ ఇంటిపేరు ఉన్న పేజీ. పుస్తకంలో చేతిరాతలు గానీ, అతికించిన కాగితాలు గానీ ఉన్నాయో లేదో ఒక మాట. రుసుము ఎంతో చెబితే ముందే చెల్లిస్తాను.'

మూడోది ఎందుకు అడుగుతానంటే, వంశచరిత్రల్లో ఏ రెండు ప్రతులూ ఒకటి కావు. అచ్చయిన అక్షరాలు అన్నిటిలోనూ ఒకటే. కానీ ఒక ప్రతిలో ఎవరో అత్తయ్య పెన్సిలుతో 'ఈ తేదీ తప్పు, నేను అక్కడే ఉన్నాను' అని రాసి ఉంటుంది. మరోదాంట్లో తర్వాత పుట్టిన పిల్లల పేర్లు చివరి ఖాళీ పేజీల్లో ఉంటాయి. రచయిత తన దగ్గర ఉంచుకున్న ప్రతి అయితే ఇక బంగారమే. ఒక ప్రతి దొరికిందని ఆగిపోకుండా రెండోదాన్ని కూడా వెతకమని చెప్పేది ఇందుకే.

అరుదైన పుస్తకాన్ని, గ్రంథాలయాలు ఒకదానికొకటి ఇచ్చుకునే అంతర్‌గ్రంథాలయ అరువు మీద సాధారణంగా పంపరు. కావలసిన పేజీల స్కాన్ అడగండి, లేదా మైక్రోఫిల్ము ప్రతి ఉందేమో కనుక్కోండి.

రచయిత జాడ కూడా తీయండి. ముందుమాటలో కృతజ్ఞతలు చెప్పిన ప్రతి మనిషీ ఒక ప్రతి అందుకునే ఉంటాడు. వాళ్ల మనవలెవరో, ఎక్కడున్నారో కనుక్కోవడం పుస్తకం వెతకడంకన్నా తేలిక కావచ్చు. రచయిత పోగేసిన ఉత్తరాలు, అచ్చుకెక్కని నోట్సు ఆ ఊరి చరిత్ర సంఘానికో, విశ్వవిద్యాలయానికో చేరి ఉండొచ్చు. అలాంటి రాతప్రతుల కట్టలను వెతకడానికి ఆర్కైవ్‌గ్రిడ్ ఉంది. పాత పుస్తకాల వ్యాపారుల దగ్గరైతే వయాలిబ్రి, ఏబ్‌బుక్స్ లాంటి వెబ్‌సైట్లలో ఇంటిపేరుతో అలర్టు పెట్టి వదిలేయండి. ఏ రెండేళ్లకో మోగుతుంది.

దొరికిన పుస్తకాన్ని చదవడం, అనుమానించడం

వంశచరిత్ర తెరవగానే చాలామంది నంబర్లు చూసి బెదిరిపోతారు. రెండు పద్ధతులు తెలిస్తే చాలామటుకు గట్టెక్కుతారు. మూలపురుషుడి నుంచి కిందికి వచ్చే పుస్తకాల్లో ఎక్కువగా కనబడేది 1870లో న్యూ ఇంగ్లాండ్ సంస్థ పత్రిక మొదలుపెట్టిన రిజిస్టర్ పద్ధతి. పేరు పక్కన పైకి రాసిన చిన్న అంకె తరాన్ని చెబుతుంది. సంతానం ఉండి కథ కొనసాగేవాళ్లకే విడిగా వరస నంబరు ఉంటుంది.

మన నుంచి పైకి వెళ్లే పద్ధతి వేరు. మీరు 1, నాన్న 2, అమ్మ 3. ఎవరి నంబరునైనా రెట్టింపు చేస్తే వాళ్ల నాన్న, దానికి ఒకటి కలిపితే వాళ్ల అమ్మ. 13వ నంబరు ఎవరో చూద్దాం. బేసి సంఖ్య, కాబట్టి ఆడమనిషి. ఒకటి తీసేసి సగం చేస్తే 6, ఆవిడ కొడుకు. 6లో సగం 3, మీ అమ్మ. అంటే 13 మీ అమ్మ వాళ్ల నాన్నకి తల్లి. ఈ లెక్క తెలిస్తే పుస్తకంలో పేర్లు చెరిగిపోయినా నంబరును బట్టి వరస చెప్పేయొచ్చు.

ఇక నమ్మకం సంగతి. అచ్చయిందంతా నిజం కాదు. గుస్తావ్ ఆంజూ అనే స్వీడన్‌లో పుట్టిన ఆయన అమెరికాలో ధనవంతులకు గొప్ప గొప్ప వంశావళులు తయారుచేసి అమ్మేవాడు. చాలావాటిలో పూర్వీకులను కల్పించాడు, ఆధారాలనూ కల్పించాడు. 1942లో ఆయన పోయాక కూడా ఆ పేర్లు ఒక పుస్తకంలోంచి ఇంకోదాంట్లోకి ఎక్కుతూనే వచ్చాయి. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్నట్టు, రాజవంశం దాకా గబగబా ఎక్కిపోయే వంశావళి కనబడితే రచయిత ఆధారం ఏం చూపించాడో చూడండి. రచయితకు స్వయంగా తెలిసిన మూడు నాలుగు తరాల వరకూ ఇలాంటి పుస్తకాలు చాలా విలువైనవి. అంతకు ముందువి ఆయనా ఎవరి దగ్గరో విన్నవే. తప్పొప్పుల పట్టిక ఉంటే ముందు అది చదవండి.

పంచుకునే హక్కు ఉందా?

పాతది కదా, ఏం కాదులే అనుకోవద్దు. భారతదేశంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, బ్రిటన్‌లోనూ ఐరోపా సమాఖ్య దేశాల్లోనూ 70 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. అమెరికాలో పాత పుస్తకాల లెక్క వేరు: ప్రచురించాక 95 ఏళ్లు నిండిన సంవత్సరం ముగియగానే హక్కు పోతుంది. అక్కడ 1963 వరకు అచ్చయిన పుస్తకాలకు 28వ ఏట రెన్యువల్ చేయించాల్సి ఉండేది, చేయించకపోతే హక్కు అప్పుడే పోయేది. సొంత ఖర్చుతో అచ్చు వేసుకున్న తాతగారికి ఆ సంగతి గుర్తుండే అవకాశం తక్కువ. రెన్యువల్ అయిందో లేదో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం డేటాబేసులో చూసుకోవచ్చు.

హక్కు ఇంకా ఉంటే రచయిత వారసులకు రాసి అనుమతి అడగండి, జవాబును దాచుకోండి. నా అనుభవంలో సంతోషంగా ఒప్పుకునేవాళ్లే ఎక్కువ. ఒప్పుకోకపోయినా పేర్లు, పుట్టిన తేదీలు, పెళ్లి తేదీలు లాంటి వాస్తవాలు ఎవరి సొత్తూ కావు. ఫోన్ డైరెక్టరీ కేసులో 1991లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. రచయిత వాక్యాలను ఎత్తి పెట్టలేరు, ఆయన ఇచ్చిన వివరాలను మీ మాటల్లో రాసుకోగలరు.

చట్టం ఒప్పుకున్నా మర్యాద అడ్డొచ్చేది బతికున్నవాళ్ల విషయంలో. ఇటీవలి పుస్తకాల చివరి అధ్యాయాల్లో పూర్తి పుట్టినతేదీలు, ఇంటి చిరునామాలు ఉంటాయి. ఎవరో దత్తత వచ్చారన్న సంగతి ఒక్క వాక్యంలో ఉంటుంది, ఆ మనిషికే అది తెలియకపోవచ్చు. 110 ఏళ్ల లోపు పుట్టి, మరణం సంగతి తెలియనివాళ్లను బతికున్నట్టే లెక్కేయాలని ఫ్యామిలీసెర్చ్ నియమం. అదే పాటించండి. అలాంటి పేజీలను బయటపెట్టే ప్రతిలోంచి మాత్రం తీసి, అక్కడ 'ఈ పేజీలు ఆపి ఉంచాం' అని ఒక కాగితం పెట్టండి. మీ దగ్గరుండే మూలంలో అన్నీ ఉండాలి.

స్కాన్ చేయడం

ఇక్కడ తొందరపడకండి. ఇంకొకరి పుస్తకం మీ చేతిలో ఉండేది రెండు మూడు రోజులే కావచ్చు, రెండో అవకాశం రాకపోవచ్చు.

పాత బైండు ఉన్న పుస్తకాన్ని ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద బోర్లించి నొక్కితే కుట్టు తెగుతుంది. పుస్తకాన్ని వెల్లకిలా ఉంచి, రెండు అట్టల కింద మడిచిన తువ్వాళ్లు పెట్టి, వందా నూటపది డిగ్రీల కన్నా ఎక్కువ తెరవకుండా పైనుంచి ఫొటో తీయండి. ఫోన్‌ను స్టాండుకు బిగించండి. ఫ్లాష్ వద్దు. రెండు పక్కలా ఏటవాలుగా ఒకే రకం దీపాలు పెట్టండి. ముందు కుడి పేజీలన్నీ, తర్వాత ఎడమ పేజీలన్నీ తీస్తే కెమెరా కదపనక్కర్లేదు. చేతులు కడిగి, పూర్తిగా ఆరబెట్టుకుని పట్టుకోండి. గ్లౌజులు వేసుకుంటే పేజీ అంచు తెలియక చింపేస్తాం.

అక్షరాలకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) సరిపోతుంది, అచ్చు సన్నగా ఉంటే 400. ఫొటోలున్న పేజీలకు 600. నలుపు తెలుపులో కాకుండా రంగులోనే తీయండి, పెన్సిలు రాత అప్పుడే కనబడుతుంది. మడతపెట్టిన పెద్ద వంశవృక్షం ఉంటే, ఒక ముక్కలోని అంచు పక్క ముక్కలోనూ వచ్చేలా భాగాలుగా తీసి, తర్వాత కలపండి. మడత విప్పేటప్పుడు చిటపటమంటే అక్కడే ఆపేయండి.

అట్ట, వెనక అట్ట, ఖాళీ పేజీలు, అన్నీ తీయాలి. మొదట్లో నేను ఓ పుస్తకం స్కాన్ చేసినప్పుడు ఖాళీ పేజీలు దండగ అనుకుని వదిలేశాను. మధ్యలో ఉన్న ఒక చీటీని కూడా తీసి పక్కన పెట్టి, చివర్లో దాన్ని విడిగా తీశాను. ఇంటికొచ్చి చూస్తే చీటీ మీద 'ఎదుటి పేజీలో రెండో కొడుకు వీడు కాదు' అని ఉంది. ఏ పేజీకి ఎదురుగా ఉందో నాకు గుర్తులేదు. ఆ పుస్తకం యజమాని ఇల్లు మారిపోయారు. ఇప్పటికీ ఆ రెండో కొడుకు ఎవరో తేలలేదు. అందుకే చీటీ కనబడితే ముందు ఉన్నచోటనే ఉంచి ఒక ఫొటో, తర్వాత తీసి ముందూ వెనకా రెండు ఫొటోలు.

ఫైళ్లకు 0001, 0002 అని వరసగా నంబర్లివ్వండి, పుస్తకంలోని పేజీ నంబర్లతో కలపొద్దు. మూలం టిఫ్ అనే, నాణ్యత తగ్గని ఫొటో ఫైలు రూపంలో దాచి, పంచుకోవడానికి పీడీఎఫ్ చేయండి. అక్షరాలు వెతకగలిగేలా చేయడానికి టెసెరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దానికి తెలుగు లిపి కూడా వచ్చు. అక్కణ్నుంచి కదలక ముందే పేజీలన్నీ ఒకసారి తిప్పి చూడండి. మసక పడినవీ, వేలు అడ్డొచ్చినవీ ఎప్పుడూ రెండు మూడు ఉంటాయి.

నలుగురికీ అందేలా పెట్టడం

ఒక్కచోట పెడితే దాచినట్టే. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఎక్కించవచ్చు, పీడీఎఫ్ ఇస్తే లోపలి అక్షరాలను అదే చదివి వెతికేలా చేస్తుంది. ఫ్యామిలీసెర్చ్‌కూ ఇవ్వజూపండి. ఆ కుటుంబం ఉన్న ఊరి గ్రంథాలయానికి ఒక ముద్రిత ప్రతి, పెన్‌డ్రైవ్ ఇవ్వండి.

ఎక్కించేటప్పుడు వివరాల గడులను ఖాళీగా వదలొద్దు. 'తాతగారి పుస్తకం ఫైనల్ 2' అని పేరు పెట్టిన ఫైలు మళ్లీ అటకెక్కినట్టే. టైటిల్ పేజీలో ఉన్నది ఉన్నట్టు పేరు, రచయిత, ఏడాది, అచ్చయిన ఊరు రాయండి. పుస్తకంలో వచ్చే ముఖ్యమైన ఇంటిపేర్లన్నీ, వాటి వేరువేరు స్పెల్లింగులతో సహా, విషయం గడిలో పెట్టండి. మీరు మొదట్లో కాగితం మీద రాసుకున్న జాబితా ఇక్కడ పనికొస్తుంది. స్కాన్ చేసింది ఎవరి ప్రతి అన్నది వారి అనుమతి ఉంటేనే రాయండి. ఆ ప్రతిలో చేతిరాతలున్నాయన్నది మాత్రం తప్పక రాయండి.

కొన్నాళ్లకు ఉత్తరాలు వస్తాయి. 'మా అమ్మమ్మ పుట్టిన ఏడాది తప్పు రాశారు' అంటారు. స్కాన్‌ను దిద్దకండి. సవరణలను వేరే ఫైలులో, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఏ ఆధారం చూపించారు అన్న వివరాలతో రాసి, స్కాన్ ఎక్కించిన వెబ్‌పేజీలోనే జతచేయండి. రాసినవాళ్లను ఒక్కటి అడగడం మరచిపోవద్దు: మీ ఇంట్లో ఈ పుస్తకం ప్రతి ఉందా, అందులో ఎవరైనా ఏమైనా రాశారా?